పిచ్చుక గుండె

ఆ ఇల్లాలికి మొగుడి మీద ఫిర్యాదులు చాలానే ఉన్నాయి గానీ, అన్నిటిలోకీ పెద్దది ఇది: ఆయనకు తన ముందు ఎవరూ ఉండకూడదు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. బస్సు డిపోలోనే ఉండిపోయింది, ఓవర్‌టేకింగ్ మాత్రం ఇంటికి వచ్చేసింది. కూరగాయల కొట్టు దగ్గర వరసలోనూ, మెట్ల మీదా, ఆఖరికి స్నానాలగది తలుపు దగ్గర కూడా ఆవిణ్ణి దాటుకుని పోతాడు. ఆ వేళ కూడా తెల్లారీ తెల్లారకముందే బకెట్లూ స్పాంజీలూ ట్రక్కులోకి ఎక్కించేసి, స్టెతస్కోపు మెడలో వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"పోటీ మీకా, గుర్రానికా?" అంది ఆవిడ, కాఫీ కలుపుతూ.

"గుర్రం ఎప్పుడో తయారు. నీదే ఆలస్యం."

గుర్రం పేరు పిచ్చుక. గోధుమరంగు ఆడగుర్రం. బడిలో లెక్కలు చెప్పే కూతురు దాన్ని పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకుంది. ఎముక గట్టిపడేదాకా దాని మీద ఎక్కనేలేదు. పక్కన నడుస్తూ ఊళ్ళో దారులన్నీ తిప్పింది. ఎక్కాక కూడా దూరాన్ని కొద్దికొద్దిగానే పెంచుతూ వచ్చింది. ఇవాళ్టిదే దానికి మొదటి పెద్ద పోటీ.

"గెలవక్కర్లేదు నాన్నా, కుంటకుండా, అలసి పడిపోకుండా పూర్తి చేస్తే చాలు," అని ట్రక్కులో దారి పొడుగునా చెప్పింది. ఆయన తల ఊపాడు. ఎదురొచ్చే లారీకి దారిస్తానన్నప్పుడు కూడా అలాగే ఊపేవాడు. ఇచ్చిన దాఖలా లేదు.

ఈ దూరపు స్వారీలో ఒక మెలిక ఉంది. ప్రతి చుట్టు పూర్తయ్యాక గుర్రం గుండె వేగం ఒక హద్దుకు దిగాలి, దిగాకే గుర్రాల డాక్టరుకు చూపించాలి. ఎవరి గుర్రం ముందు దిగితే వాళ్ళు ముందు బయల్దేరతారు. మెడ తడపడం తల్లి పని. గుండె విని దిగిందో లేదో చెప్పడం తండ్రి పని. ఇంజను చప్పుళ్ళు విన్న అనుభవం ఉందంటూ ఆయనే అడిగి మరీ తీసుకున్నాడు.

మొదటి చుట్టు ముగించుకుని పిచ్చుక చలాకీగానే వచ్చింది. అదే సమయానికి వచ్చిన బూడిదరంగు గుర్రాన్ని దాని వాళ్ళు అప్పుడే డాక్టరు దగ్గరికి నడిపించుకెళ్తున్నారు. ఆయన అటు చూశాడు. ఆయన అటు చూడడం ఆవిడ చూసింది. స్టెతస్కోపు పిచ్చుక ముంగాలి వెనక ఇలా పెట్టి అలా తీసేశాడు.

"దిగింది. తీసుకెళ్ళు."

డాక్టరమ్మ వింటే వేగం హద్దుకు చాలా పైన ఉంది. ఇంకొక్క అవకాశం ఇచ్చి వెనక్కి పంపింది. నీడన నిలబెట్టి, మరిన్ని నీళ్ళు పోశాక దిగింది, పరీక్షా నెగ్గింది. కానీ డాక్టరమ్మ కూతుర్ని ఆపి, ఇందాక నిజంగానే దిగిందా అని అడిగింది. దిగింది, మా నాన్నే విన్నారని చెప్పింది కూతురు. అయితే ఆలోచించాల్సిందే అంది డాక్టరమ్మ. దిగిన గుండె నాలుగడుగులకే అంత ఎగబాకకూడదట. లోపల ఏదో లోపం ఉండొచ్చట.

కూతురు రెండో చుట్టుకు వెళ్ళలేదు. జీను విప్పేసి, పిచ్చుకను తనకు అమ్మిన పొలం ఆసామికి ఫోన్ చేసింది. ఇకమీదట ఎక్కననీ, రేపు వచ్చి తీసుకెళ్ళమనీ, మేత మేస్తూ హాయిగా బతకనివ్వమనీ చెప్పింది. ట్రక్కు పక్కన తండ్రి ఎప్పుడో పిండేసిన స్పాంజినే మళ్ళీ పిండుతున్నాడు.

తల్లి ఆయన దగ్గరికి వెళ్ళింది. "ఏమండీ, ఇందాక నిజంగా విన్నారా?"

"ముప్ఫై ఏళ్ళు ఇంజన్లు విన్న చెవులే ఇవి."

"చెవుల గురించి అడగలేదు. విన్నారా అని అడిగాను."

ఆయన స్పాంజిని బకెట్లో ముంచి మళ్ళీ పిండడం మొదలెట్టాడు.

అవతల కూతురు పిచ్చుక మెడకు నుదురు ఆనించి నిలబడింది. "ప్రేమగా పెంచుతున్నాననుకున్నానమ్మా," అంది. "గుండె బాగాలేనిదాన్ని పట్టుకుని ఇన్నాళ్ళూ పరిగెత్తించానా?"

అసలు సంగతి ఆవిడ నోటిదాకా వచ్చింది. తను చెబితే అది చాడీ అవుతుంది. పిల్లకి కావలసింది ఆయన నోటి మాట. అందుకని మింగేసి, కూతురి వీపు నిమురుతూ భర్త వైపే చూస్తూ నిలబడింది.

ఆయన స్పాంజి బకెట్లో పడేసి వచ్చాడు. కూతురి ముఖం కనబడకుండా గుర్రానికి ఇవతలి పక్కన ఆగాడు.

"ఆ ఆసామికి రావద్దని చెప్పమ్మా."

"ఎందుకు నాన్నా?"

"దిగలేదు. అప్పుడు దాని గుండె దిగనే లేదు. సరిగ్గా వినలేదు కూడా. ఆ బూడిదరంగుది ముందు వెళ్ళిపోతోందని దిగిందనేశాను. డాక్టరమ్మకి కూడా నేనే చెబుతాను. దీన్లో ఏ లోపమూ లేదు."

కూతురు తలెత్తింది. పిచ్చుక ఇద్దరి మధ్యా నిలబడి గడ్డి నములుతోంది.

"నా చేతులతో దీన్ని ఇచ్చేశాను నాన్నా. మీరు పక్కనే ఉన్నారు."

"ఉన్నాను. నువ్వు ఫోన్లో మాట్లాడిందంతా విన్నాను." ఆయన గుర్రాన్ని చుట్టి వచ్చి, ఆమె ఎదుట నిలబడ్డాడు. "దిగిందనడం తప్పు తల్లీ. నీ ఫోన్ మాటలు విని కూడా నోరు మూసుకున్నాను చూడు, అది ఇంకా పెద్ద తప్పు."