అన్నయ్య ఫోన్లో మూడో మనిషి

సెలూన్‌లోంచి బయటికొచ్చిన మనిషి పండ్ల రసాల వ్యాపారి. కనీసం ఆ వీధి అలాగే నమ్మింది. కత్తిరించిన మీసం, పెట్టుడు పొట్ట, చేతిలో శాంపిల్ సీసాల పెట్టె. ఫోన్ మోగింది. చెవికి ఆనించి "హలో" అన్నాడు. అవతల ఎవరూ పలకలేదు. ఎదురు మేడ మీద కిటికీలోంచి తుపాకీ పలికింది.

ఆ వేషం సంగతి అతడు పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో కూడా ఎవరికీ తెలియదు. తెలిసింది అతడి జేబులోని ఫోన్‌కి ఒక్కదానికే.

పరుపుల దుకాణం వెనక ఉన్న ఆఫీసులో బాస్ ఆ ఫోన్‌ని బల్లమీద పెట్టాడు. ఎదురుగా కూర్చున్నది చనిపోయినవాడి తమ్ముడు. అన్న ముందే సర్వీసులో ఉండటంతో డిపార్ట్‌మెంట్ మొత్తానికీ అతడు 'తమ్ముడు' అయిపోయాడు. ఇప్పుడు ఆ పేరుతో పిలవడానికి ఎవరికీ నోరు రావడం లేదు.

"చెప్పండక్కా," అన్నాడు తమ్ముడు, ల్యాబ్ ఇన్‌ఛార్జి వైపు తిరిగి.

ఆవిడ ఫోన్ స్క్రీన్ వెలిగించింది. "చూడ్డానికి కంపెనీ ఇచ్చిన ఫోనే. లోపల మాత్రం అది కాదు. ఎవరో దీని బూట్‌లోడర్ అన్‌లాక్ చేశారు. అంటే ఫోన్‌కి కాపలా ఉన్నవాణ్ణి బయటికి గెంటేశారు. తర్వాత రూట్ చేశారు, అంటే ఇంటి పెత్తనం మొత్తం లాక్కున్నారు. అసలు ఆపరేటింగ్ సిస్టమ్ తీసేసి తమ కస్టమ్ ఓఎస్ ఎక్కించారు. అవే ఐకాన్లు, అదే వాల్‌పేపర్. మీ అన్నయ్య ఎక్కడున్నాడో, ఏం మాట్లాడాడో క్షణక్షణం వాళ్ళకి వెళ్ళేది."

"దూరంనుంచి చెయ్యొచ్చా?"

"కుదరదు. ఫోన్ చేతిలో ఉండాలి. పాస్‌వర్డ్ తెలిసుండాలి."

అన్నయ్య పాస్‌వర్డ్ తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. అన్నయ్య పెళ్ళి చేసుకోబోయిన ఆవిడ. ఊరంతా హోర్డింగుల మీద కొత్త ఫోన్ పట్టుకుని నవ్వే మోడల్. పెళ్ళి కాకుండానే అతడు "వదినా" అని నోరారా పిలిచిన మనిషి.

"ఆవిడ పని నేను చూసుకుంటాను సార్."

"ఆవిడ జోలికి వెళ్ళకు. ఇది ఆర్డర్," అన్నాడు బాస్. "నీ టార్గెట్ కళ్ళజోడు."

కళ్ళజోడని డిపార్ట్‌మెంట్ పిలిచే ఆ మనిషి ఒక విదేశీ గూఢచారి ముఠాకి నాయకుడు. బయటి లోకానికి మాత్రం సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ సీఈఓ. సరిహద్దు అధికారుల ఫోన్లన్నిటికీ 'శత్రుదుర్భేద్యమైన' ఓఎస్ సరఫరా చేసిన కంపెనీ అదే. రేపు పొద్దున తన షోరూమ్‌లో సభ పెట్టి, ఆ ఫోన్లకి అప్‌డేట్ పంపబోతున్నాడు. అది చేరిందంటే ప్రతి అధికారి జేబులోనూ అన్నయ్య ఫోనే ఉన్నట్టు.

"ఫోన్లన్నీ వెనక్కి తీసేసుకుంటే?"

"ముఠా రెక్కలు కట్టుకుని ఎగిరిపోతుంది. అప్‌డేట్ మీద వాళ్ళ డిజిటల్ సంతకం ఉంటేనే ఫోన్లు ఒప్పుకుంటాయి. ఆ సంతకం చేసే కీ, వేలంత పెన్‌డ్రైవ్, కళ్ళజోడు మెళ్ళో ట్యాగ్‌కి వేలాడుతుంటుంది. అది మన చేతికొస్తే వాళ్ళ దారిలోనే మన ఓఎస్ పంపి ఫోన్లన్నీ కడిగెయ్యొచ్చు. లోపల మన మనిషి ఒకరున్నారు. 'బ్యాటరీ ఉబ్బింది' అంటారు. నువ్వు 'ఎండలో పెట్టారా?' అనాలి."

మర్నాడు పొద్దున తమ్ముడు నీలం కోటు, సోడాబుడ్డి అద్దాలు, ఎత్తుపళ్ళతో షోరూమ్ వెనక సర్వీస్ గదిలో ఉన్నాడు. పొడవాటి బల్లలమీద ఫోన్లు పడుకుని ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో కేబుల్. తెరలమీద పచ్చగీతలు నెమ్మదిగా పాకుతున్నాయి. కాలిన టంకం వాసన. పక్కనే సర్వర్ గది.

హైహీల్స్ చప్పుడు వినిపించింది. నల్లచీర, వజ్రాల దుద్దులు, హోర్డింగుల మీది అదే నవ్వు. ఆవిడ నేరుగా అతడి బల్ల దగ్గరికొచ్చి ఫోన్ పెట్టింది.

"బ్యాటరీ ఉబ్బింది."

స్క్రూడ్రైవర్ జారి అతడి వేలికి గుచ్చుకుంది.

"ఎండలో..." అతడు వేలు అదిమి పట్టుకున్నాడు. "ఎండలో పెట్టారా?"

"ఎత్తుపళ్ళు నీకు నప్పలేదు," అంది ఆవిడ మెల్లగా.

"నువ్వా మా మనిషివి?" పళ్ళు నూరాడు. "అన్నయ్య ఫోన్ ముట్టుకున్నది నువ్వే కదా?"

"నేనే. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు. చేయకపోతే నా గతం పేపర్లకి ఎక్కిస్తామన్నారు కళ్ళజోడు మనుషులు. మాటలు వింటామంతే అన్నారు, నమ్మాను. ఆయన్ని తెల్లగుడ్డలో చూసి, అట్నుంచటే మీ బాస్ గుమ్మం తొక్కాను." నవ్వు ఇంకా పెదాలమీదే ఉంది, కళ్ళు మాత్రం ఎర్రబడ్డాయి. "క్షమించమని అడగట్లేదు. కీ తెచ్చిస్తాను. తర్వాత నీ ఇష్టం."

"తర్వాత నా ఇష్టమే," అన్నాడు తమ్ముడు.

ఆవిడ రెండడుగులు వేసి ఆగింది. "ఇంకో మాట. కళ్ళజోడు సొంత ఫోన్లోనూ ఆ ఓఎస్సే. అన్నిటికన్నా స్పీడని మురిసిపోయి వేసుకున్నాడు. అది వాడి మాటలు కూడా సర్వర్‌కి పంపుతోందని మర్చిపోయాడు."

సభ నిండింది. కళ్ళజోడు వేదిక ఎక్కబోతుంటే ఆవిడ దగ్గరికెళ్ళి టై సరిచేసింది, కాలర్‌కి మైక్ తగిలించింది. అతడు ఆవిడ మెడవంపు చూస్తున్నాడు. ఆ చూపు తిప్పుకునేలోపు ట్యాగ్‌కి ఉన్న కీ ఆవిడ గుప్పిట్లోకి, ఆవిడ లిప్‌స్టిక్ అతడి ట్యాగ్‌కి మారిపోయాయి.

కీ సర్వర్ గదికి చేరింది. తమ్ముడు దాన్ని గుచ్చి, ల్యాబ్‌లో తయారైన శుభ్రమైన ఓఎస్‌ని పంపడం మొదలుపెట్టాడు. తెరమీద గీత కదిలింది. ఈలోగా సర్వర్‌లో కళ్ళజోడు ఫోన్ నుంచి చేరిన మాటల ఫైళ్ళు వెతికి, రెండిటిని పక్కన పెట్టుకున్నాడు. ఆవిడ తలుపు దగ్గర కాపలా నిలబడింది.

వేదికమీద కళ్ళజోడు గొంతు ఖంగుమంటోంది. "మీ భద్రత అంతా నా గుండెలమీదే ఉంది. ఇదిగో, ఇందులో!" అంటూ షర్టులోంచి కీ తీసి పైకెత్తి మూత లాగాడు.

ఎర్రటి లిప్‌స్టిక్.

జనం గొల్లున నవ్వారు. కళ్ళజోడు నవ్వలేదు. వేదిక దిగి పరుగెత్తాడు.

తలుపు దభాలున తెరుచుకుంది. అతడి చేతిలో పిస్తోలు.

"కేబుల్ పీకు!"

గీత చివరికొస్తోంది. తమ్ముడు కదల్లేదు. పిస్తోలు అతడి నుదుటికి గురిచూసింది. పేలింది. మధ్యలోకి దూకిన నల్లచీర గిర్రున తిరిగి నేలమీద పడింది. రెండో గుండుకి వేలు బిగిసే క్షణంలో తెర పచ్చగా వెలిగింది: 'అప్‌డేట్ పూర్తయింది.'

ఆ వెలుగుకి కళ్ళజోడు తల తిప్పాడు. తమ్ముడికి అంత చాలు. కుర్చీ వాడి మోకాళ్ళకి తగిలింది, పిస్తోలు చేతులు మారింది.

ఇప్పుడు ఆ గొట్టం కళ్ళజోడు గొంతుమీద ఉంది. తమ్ముడి వేలు ట్రిగ్గర్ మీద ఉంది. ఈ క్షణం కోసమే అతడు అన్నం తిన్నాడు, నిద్రపోయాడు.

"కాల్చు," అన్నాడు కళ్ళజోడు. "మా వాళ్ళు నాకు విగ్రహం పెడతారు."

తమ్ముడి వేలు సడలింది. ఎడంచేత్తో సర్వర్‌లో ఒక ఫైల్ నొక్కాడు. సభలోని స్పీకర్లన్నీ కళ్ళజోడు గొంతుతో మాట్లాడాయి. "సెలూన్ నుంచి వస్తున్నాడు. నేను రింగిస్తా. ఎవడు ఫోనెత్తితే వాడే." తర్వాత అన్నయ్య గొంతు. "హలో?"

తమ్ముడు కళ్ళు మూసుకుని విన్నాడు.

"తర్వాతి ఫైల్ మీ ప్రభుత్వానికి పంపుతున్నా," అన్నాడు కళ్ళు తెరిచి. "మీ ఛీఫ్‌ని గాడిద అని, కమీషన్ కోసం మీ దేశాన్నే అమ్మేస్తానని వాగావు చూడు, అది. ఇక నువ్వు బతకాలి. చాలాకాలం."

అప్పుడు కళ్ళజోడు మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

సాయంత్రానికల్లా ఆ దేశ రాయబార కార్యాలయం ఒక ప్రకటన చేసింది. ఆ వ్యక్తి ఎవరో తమకి తెలియదంది.

ఆస్పత్రిలో ఆవిడ కళ్ళు తెరిచేసరికి భుజానికి కట్టు, మంచం పక్కన తమ్ముడు. అతడే ఆవిడ మణికట్టుకి బేడీ వేసి మంచానికి తగిలించాడు.

"నా ప్రాణం కాపాడావని కోర్టులో చెప్తాను. అన్నయ్య ఫోన్ సంగతీ చెప్తాను. అన్నయ్యయితే క్షమించేవాడు వదినా. నేను అన్నయ్యని కాదు."

ఆవిడ తలూపింది. నీళ్ళు తాగుతావా అని అడిగాడు. తాగించి వెళ్ళిపోయాడు.

ఇంటరాగేషన్ గదిలో కళ్ళజోడు బల్ల గుద్దుతున్నాడు. "నా అనుమతి లేకుండా నా మాటలు రికార్డ్ చేయడం నేరం! నాకు ప్రైవసీ లేదా?"

"అనుమతి ఉందండీ," అన్నాడు తమ్ముడు, కుర్చీ లాక్కుంటూ. "మీ ఓఎస్ ఎక్కించేటప్పుడు షరతులు చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కారు."