సంచీలో అన్నీ వేసుకుని రండి

ఫోన్ వచ్చేసరికి ఆమె లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు అట్టలు అంటిస్తోంది.

"రేపు పదకొండింటికి ఒకరు రావట్లేదండి, మీరొస్తారా?" అంది క్లినిక్ అమ్మాయి. "మీవారు వాడేవన్నీ ఒక సంచీలో వేసుకుని రండి. మాత్రలు, పొడులు, నూనెలు, ఎవరో చెప్పారని మింగేవి కూడా."

ఎగిరి గంతేయాలనిపించింది. లైబ్రరీలో గంతులేం బాగుంటాయని, కూర్చునే సంతోషించింది.

పెళ్ళయి ఆరు నెలలు. అందులో ఐదు నెలలు భర్త తలనొప్పితోనే కాపురం. అతను ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. మధ్యాహ్నమయ్యేసరికి అక్షరాలు చీమల్లా పాకుతాయట. స్కానింగులో ఏమీ లేదని, ఏవో మాత్రలు రాసిచ్చారు. అప్పటినుంచి తిండి, నిద్ర, మందులు అన్నీ కలిపి చూసే డాక్టరు కోసం ఆమె వెతుకులాట. ఐదుగురికి ఫోన్ చేసి అడిగింది ఒకటే: "ఇప్పుడు వాడే మాత్రలు ఆపేయాలా?"

నలుగురు ఠక్కున ఆపేయమన్నారు. ఈ క్లినిక్ డాక్టరమ్మ మాత్రం, "మనిషిని చూడకుండా ఎలా చెప్తానమ్మా? మీ అంతట మీరు ఏదీ ఆపకండి" అంది. ఆ మాటకే ఆమెకు గురి కుదిరింది.

సాయంత్రం అతను వానలో తడిసి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"మళ్ళీ డాక్టరా? చూపించీ చూపించీ నా తల అరిగిపోయిందే."

"పైన అరిగినా పర్లేదు, లోపలిది మిగిలితే చాలు. లేవండి, సంచీ సర్దాలి."

నవ్వబోయి కణతలు పట్టుకున్నాడు.

డాక్టరు రాసిచ్చిన మాత్రలు, తను రోజూ కలిపిచ్చే పొడి, అత్తగారు పంపిన తైలం, తమ్ముడు తెచ్చిన చుక్కల మందు సంచీలో వేసింది. "ఇంతేగా?"

అతను కిటికీలోంచి వానకేసి చూశాడు. తర్వాత ఆఫీసు బ్యాగులోంచి ఒక మాత్రల అట్ట తీశాడు. ఇంకొకటి. మరొకటి. అన్నీ ఖాళీవే.

"ఏంటివి?"

"నొప్పి మాత్రలు. రోజుకి రెండు. ఒక్కోసారి మూడు."

"ఎన్నాళ్ళనుంచి?"

"నీ పొడి మొదలైన దగ్గర్నుంచి."

"మూడు నెలలా! మరి పొడితో కాస్త నయమన్నారు?"

"పొద్దున్నే గ్లాసు చేతికిచ్చి, 'తగ్గిందా?' అని నా మొహంలోకి చూస్తావు చూడు... అప్పుడు లేదని ఎలా చెప్పనే? తగ్గిందని చెప్పడానికే ఇవి వేసుకునేవాణ్ణి."

కోపం రావాల్సిందే. దానిక్కూడా ఓపిక లేక అతని పక్కన చతికిలబడింది.

"బుద్ధుందా మీకు?"

"ప్రూఫ్ రీడర్ని కదా. ఊళ్ళోవాళ్ళ తప్పులే కనిపిస్తాయి."

నవ్వొచ్చింది. నవ్వుతోపాటే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. చల్లటి అరచెయ్యి అతని నుదుటిమీద పెట్టి, "తగ్గిందా?" అని అలవాటుకొద్దీ అడిగేసి నాలిక్కరుచుకుంది.

"లేదు" అన్నాడతను, కళ్ళు మూసుకుని.

ఆ ఒక్క మాట ఆమెకు మూడు నెలల తియ్యటి అబద్ధాలకన్నా ముద్దొచ్చింది. ఖాళీ అట్టలన్నీ ఏరి సంచీలో వేసింది.

"రేపు సెలవు పెట్టండి. పదిన్నరకల్లా బయల్దేరదాం. డాక్టరమ్మ దగ్గర నేను నోరు విప్పను. ఇదిగో, ఈ 'లేదు' ఆవిడకీ మీరే చెప్పాలి."