టికిరి రోడ్డు మీద యూరప్

ఎర్ర లైటు మలుపు తిరిగింది...

మాయం!

లహరి గేరు దించి యాక్సిలరేటర్ మెలిపెడుతుంది. పాత బండి గుర్రుమంటుంది. మూలుగుతుంది. చివరికి మాట వింటుంది.

చీకటి పడి ఎంతోసేపు కాలేదు. అప్పుడే ఒడిశా కొండల మీంచి మంచు దిగిపోతోంది. టికిరి రోడ్డు మీద నాలుగు బారల దూరం కూడా కనపడటం లేదు.

మలుపు దాటింది.

అదిగో... ఎర్ర లైటు!

పెద్ద బండి. వెనక రెండు పక్కలా అల్యూమినియం పెట్టెలు. నిమ్మళంగా పోతోంది. వియ్యాలవారింటికి విందుకి పోతున్నట్టు!

కానీ రోడ్డుకి కుడి పక్కన పోతోంది.

రాంగ్ సైడ్!

మందు కొట్టి కాదు. ఏమరుపాటు కాదు. కావాలనే. ప్రాక్టీసు! ఎల్లుండి ఈపాటికి కామేష్ యూరప్‌లో ఉంటాడు. అక్కడ బళ్లన్నీ కుడి పక్కనే నడుస్తాయి.

లహరి పళ్లు నూరుతుంది.

ఎల్లుండా? చూద్దాం!

హెల్మెట్ పక్కనున్న బటన్ నొక్కుతుంది.

"సార్..."

ముందు బండి ఒక్కసారి తూలుతుంది.

"ఎవరు? ఎవరది?"

"నేనే సార్. లహరిని."

"లహరా! నా హెల్మెట్‌లోకి ఎలాగొచ్చేవు?"

"బ్లూటూత్ పెట్టించుకున్నారు కదా సార్... దారి సెప్పే గొంతు ఇనపడాలని. సెట్ సేసింది నేనే కదా. పన్లో పనిగా నా హెల్మెట్‌కి కూడా కలిపీసుకున్నాను."

కామేష్ పకపకా నవ్వుతాడు. "గడుసుదానివే! ఎక్కడున్నావిప్పుడు?"

"మీ ఎనకాలే."

నవ్వు ఆగిపోతుంది.

కామేష్‌ది బోరిగుమ్మలో టైల్స్ వ్యాపారం. టికిరిలో గోదాం. మూడు నెలలుగా రాయగడలో లహరి పనిచేసే ట్రావెల్స్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. మోటార్‌సైకిల్ మీద యూరప్ చుట్టి రావాలని కోరిక. ఫ్రెండ్సు వద్దు, పెళ్లాం వద్దు. సోలో!

ప్లానంతా లహరిదే. వీసా అపాయింట్‌మెంట్ ఆమే పట్టింది. ఇంటర్నేషనల్ లైసెన్సుకి ఏమేం కావాలో ఆమే కనుక్కుంది. మ్యూనిక్‌లో దిగి బండి అద్దెకి తీసుకోవాలి. ఆస్ట్రియా మీదుగా ఇటలీ కొండలెక్కాలి. స్విట్జర్లాండ్ పొలిమేరలో రోడ్డు టాక్సు స్టిక్కరు కొనాలి. ఏ ఊళ్లో పడుకోవాలి, ఏ కనుమ మంచుకి మూసేస్తారు, ఎక్కడ వాన కోటు పైకి తీసి ఉంచుకోవాలి... అన్నీ ఆమే వెతికింది. వీడియోలు చూసి మలుపు మలుపూ చెప్పింది. తను ఈ జన్మలో చూడబోని కొండలు. తనే వెళ్తున్నంత సంబరపడిపోయింది.

పిచ్చిది!

మొన్న టీ తాగుతూ మాట వరసకి అడిగింది. "అక్కడ కుడి పక్కన నడపాలి కదా సార్. సెయ్యి తిరగద్దేటి?"

కామేష్ గొప్పగా కాలు మీద కాలు వేసుకున్నాడు. "నాకు ఎప్పుడో తిరిగిందమ్మీ. రెండేళ్ల కిందటే ఈ ట్రిప్పు అనుకున్నాను. టికిరి రోడ్డు మీద సాయంత్రాలు కుడి పక్కనే నడిపేవోణ్ణి. ఆ ఏళకి ఎవరుంటారక్కడ? జనవరి దాకా నడిపి మానీసేను."

"ఎందుకు మానీసేరు?"

టీ గ్లాసు పెదాల దగ్గర ఆగింది.

"వానలమ్మీ... ఒకటే వానలు."

లహరి నెత్తిన పిడుగు పడింది.

ఆ జనవరిలో చినుకు పడలేదు! ఆమెకి బాగా గుర్తు. పెద్దకర్మ అయ్యేదాకా చుట్టాలంతా వాకిట్లో ఆరుబయటే పడుకున్నారు.

ఆ కర్మ ఆమె అన్నయ్యది. ధనుంజయ్‌ది.

టికిరి రైల్వే స్టేషన్లో సిగ్నల్ మెకానిక్. సాయంత్రం డ్యూటీ దిగి బండి మీద రాయగడ ఇంటికి బయల్దేరాడు. తెల్లారి లోయలో దొరికాడు. ఎదురుబండి ఏదో గుద్దేసింది. కానీ పగిలిన గాజు పెంకులన్నీ అన్న నడిపే ఎడమ పక్కనే పడున్నాయి. ఎదురుబండి అటెందుకు వస్తుంది? చూసినవాళ్లు లేరు. కేసు మూతపడింది. మీవాడే తాగి తూలుంటాడన్నారు జనం. చుక్క ముట్టని మనిషిని తాగుబోతుని చేశారు. ఆ మాట విన్నాక తల్లి చిలకమ్మ వీధి గుమ్మంలోకి రావడమే మానేసింది.

ఎదురుబండి అటెందుకు వస్తుంది?

యూరప్ కోసం వస్తుంది!

ఆ రాత్రంతా లహరి కంటి మీద కునుకు లేదు. అన్న పోయాడు. వాడేమో విమానమెక్కి ఊరేగబోతున్నాడు. అన్న ప్రాణం తీసిన ప్రాక్టీసుతో... చెల్లెలు చూపించిన దారి మీద!



అందుకే ఇవాళ, బాగు చేయించి ఉంచిన అన్న బండి బయటికి తీసింది. వెళ్లే ముందు ఆఖరి ప్రాక్టీసు టికిరి రోడ్డులోనే అని వాడే చెప్పాడు. హెల్మెట్‌లో మాటలన్నీ పడేలా ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి జేబులో వేసుకుంది. వాడి నోటితో వాడు ఒప్పుకోవాలి. పొద్దున్నకి ఆ రికార్డింగ్ పోలీస్ స్టేషన్లో ఉండాలి. అంతే. చంపడానికి రాలేదు... దారి పొడుగునా తనకి తనే చెప్పుకుంటూ వచ్చింది.

"సార్."

"ఏటి?"

"జనవరిలో వానలేటి సార్?"

ముందు బండి బ్రేకు లైటు ఒక్కసారి వెలిగి ఆరుతుంది.

"ధనుంజయ్. రైల్వే. గుర్తొచ్చేడా?"

"...ఎవరే నువ్వు?"

"ధనుంజయ్ సెల్లెల్నిరా!"

పెద్ద బండి ఎగిరి దూకుతుంది!

రోడ్డు తిన్నగా ఉంది. ఎర్ర లైటు చిన్నదైపోతోంది... ఇంకా చిన్నది... చుక్క!

లహరి ట్యాంకు మీదకి వంగిపోతుంది. అన్న బండికి ఇంతకన్నా ఓపిక లేదు. చల్లగాలికి కళ్లు మండుతున్నాయి. ఫర్వాలేదు. ముందున్నవి మలుపులు.

మొదటి మలుపు. ఎర్ర లైటు దగ్గరైంది!

రెండో మలుపు. ఇంకా దగ్గర!

వాడి బండి వంగడం లేదు. పెట్టెల్లో ఇటుకలున్నాయి మరి. యూరప్ సామాను బరువు ముందే అలవాటు చేసుకోవాలని రెండు పెట్టెల నిండా పేర్చుకున్నాడు. ఆ సలహా కూడా లహరిదే.

"ఆగరా!"

"నీకేటైనా పిచ్చా? నేనెవర్నీ గుద్దలేదు!"

"గుద్దేవని నేనన్నానా?"

వాడు నాలుక కరుచుకున్నాడు.

ఎదురుగా లైటు!

ఒంటి లైటు. టికిరి సంత నుంచి వస్తున్న ఆటో! లోపల కిక్కిరిసి జనం. పైన కోళ్ల గంపలు.

కామేష్ ఇంకా కుడి పక్కనే ఉన్నాడు!

"ఎడంకి రా! ఒరే, జనం ఉన్నారు! ఎడంకి!"

ఆటో హారన్... ఆడవాళ్ల కేకలు...

ఆఖరి క్షణంలో పెద్ద బండి పక్కకి కోసుకుపోతుంది. ఆటో అటూ ఇటూ ఊగి నిలదొక్కుకుంటుంది. డ్రైవరు ఒడియాలో వాడి ఏడు తరాలనీ తిడుతున్నాడు. లహరి పక్క నుంచి దూసుకుపోతుంది.

 అన్నకి ఆ రోజు ఈ పాటి వ్యవధి కూడా దొరకలేదన్నమాట!

మలుపు తిరిగింది.

ఎర్ర లైటు లేదు.

శబ్దం లేదు.

మంచు. చీకటి. అంతే.

లహరి స్పీడు తగ్గిస్తుంది. చెవిలో వాడి గొంతు... ఈసారి తాపీగా.

"అమ్మీ. యూరప్‌కి అన్నీ సర్దీసేను. నువ్వొక్కర్తివీ మిగిలిపోయేవు."

ఎక్కడున్నాడు?

"నిన్ను కూడా మీ అన్న కాడికే పంపిస్తాను!"

భగ్గుమని లైటు!

ఎదురుగా... ఆమె నడిపే ఎడమ పక్కనే... ఆమె మీదకే! లైటార్పి బండి తిప్పి కాచుకున్నాడు!

ఆలోచించే టైము లేదు. లహరి బండిని పక్కకి పడేస్తుంది. మోచెయ్యి రోడ్డుకి గీసుకుపోతుంది. పెద్ద బండి చక్రం ఆమె హెల్మెట్‌కి బెత్తెడు దూరంలోంచి పోతుంది.

మలుపులో లారీలు ఒలకబోసిన కంకర ఉంది.

కర్ర్ర్...!

ఇటుకల పెట్టెలు వాడిని ఒక పక్కకి లాగేశాయి. బండీ మనిషీ కలిసి రోడ్డు అంచు దాటారు. కిందెక్కడో ధబ్బుమంది.

తర్వాత ఏమీ లేదు.

లహరి లేచి నిలబడుతుంది. బండి లేపి స్టాండ్ వేస్తుంది. చచ్చాడా?

చెవిలో సన్నగా మూలుగు.

"అమ్మీ... కాలు... బండి కింద... రగతం ఆగట్లేదు..."

బతికే ఉన్నాడు!

ఒక్క క్షణం కూడా ఆగదు. హెల్మెట్ తీసి 108కి కొడుతుంది. టికిరి నుంచి రాయగడ వచ్చే ఘాట్ రోడ్డు, కంకర మలుపు, మనిషి లోయలో పడ్డాడు... గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది. అంబులెన్సు టికిరిలోనే ఉందట. వెంటనే పంపుతున్నారట. రికార్డింగ్ మళ్లీ నొక్కి, హెల్మెట్ పెట్టుకుని రోడ్డంచుకి నడుస్తుంది. టార్చి వేస్తుంది.

రాళ్ల మధ్య బండి. బండి కింద కామేష్. దిగడానికి దారి లేదు.

"ఒరే... సావకు. అంబులెన్సు వస్తంది. నువ్వు బతకాల. మా అన్న తాగలేదని పదిమందిలో నిలబడి సెప్పాల."

"సెప్తాను... సెప్తానమ్మీ! గుద్దింది నేనే. రాంగ్ సైడ్ నాదే. ఆడు తాగలేదు... ఆడి తప్పు లేదు... సాలా?"

చాలు.

లహరి రోడ్డు పక్క రాయి మీద కూలబడుతుంది. రెండేళ్ల ఏడుపు ఒక్కసారి తన్నుకొస్తుంది. రేపు ఈ మాట అమ్మకి వినిపిస్తుంది. ఊరందరికీ వినిపిస్తుంది. అమ్మ తలెత్తుకుని వీధిలో నడుస్తుంది. వాడు జైల్లో కూచుంటాడు. ఇంకేం కావాలి?

దూరంగా కుయ్... కుయ్... సైరన్!

"వస్తందా అమ్మీ?" కామేష్ గొంతులో ప్రాణం లేచొచ్చింది.

"వస్తంది."

కళ్లు తుడుచుకుంటుంది. అడగాలా వద్దా? ఇంకెప్పుడు అడుగుతుంది?

"ఒక్కటి సెప్పు. గుద్దినాక... మా అన్న ఏటైనా మాటాడేడా?"

 వాడు హడావుడిగా మొదలుపెడతాడు. తనూ మంచివాడినేనని చెప్పుకోవాలని ఆత్రం.

"మాటాడేడమ్మీ! నేను అలాగే పారిపోలేదు. లోయలోకి దిగి దగ్గరికెల్లేను. తెలివిలోనే ఉన్నాడు. జేబులోంచి ఫోన్ తీసి నా సేతిలో పెట్టేడు."

"నీ సేతిలోనా?"

"మా సెల్లికి ఒక్క ఫోన్ సెయ్యి బావూ... అన్నాడు. నాకోసం అన్నం తినకుండా కూకుంటాది అన్నాడు."

లహరి రాయి మీంచి లేస్తుంది.

"సేసేవా?"

"అప్పటికే మోగతంది అమ్మీ. నువ్వే సేస్తన్నావు. 'అమ్మి' అని పేరు పడతంది. ఎత్తుదామనే అనుకున్నాను. భయమేసింది. స్విచాఫ్ సేసి... ఇంకా కిందకి ఇసిరీసేను."

స్విచాఫ్.

ఆ రాత్రి ఫోన్ మోగి మోగి స్విచాఫ్ వచ్చింది. ఛార్జింగ్ పెట్టుకోవడం కూడా చేతకాదని లహరి అన్నని తిట్టుకుంది. విసుగొచ్చి కంచం ముందేసుకుంది. కడుపు నిండా తింది. దుప్పటి కప్పుకుని హాయిగా పడుకుంది. అన్న లోయలో పడి తనకోసం చూస్తున్నాడు!

సైరన్ దగ్గరవుతోంది. కింద మలుపుల్లో నీలం లైటు తిరుగుతోంది.

ఫోన్ మోగుతుంది.

లహరి హెల్మెట్ తీసి బండి అద్దానికి తగిలిస్తుంది. ఫోన్ ఎత్తి, రోడ్డు మీద దూరంగా నడుస్తుంది.

"అమ్మీ, నేను అంబులెన్సు డ్రైవర్ని, కన్నారావుని. మంచులో ఏటీ కనపడ్డం లేదు. ఏ మలుపు కాడున్నారు? మనిషి బతికున్నాడా?"

లహరి లోయ వైపు చూస్తుంది.



"అమ్మీ? ఇనపడతందా?"

"ఎవరూ లేరన్నా."

"ఏటీ?"

"పడిపోయేడని నేనే కంగారుపడ్డాను. లేచి బండెక్కి ఎల్లిపోయేడు. మీరు ఎనక్కి తిరిగిపోండి."

"నిజవేనా?"

"నిజవే."

"పోన్లే అమ్మీ! ఏ తల్లి కన్న బిడ్డో, సల్లగా బయటపడ్డాడు. నువ్వు కూడా జాగర్తగా ఇంటికెల్లు. మంచు బాగా ఉంది."

సైరన్ ఆగిపోయింది.

కింద మలుపులో నీలం లైటు ఒకసారి గుండ్రంగా తిరిగి, వచ్చిన దారినే దిగిపోతోంది.

లహరి బండి దగ్గరికి తిరిగొస్తుంది. అద్దానికి వేలాడుతున్న హెల్మెట్‌లోంచి సన్నగా వాడి గొంతు.

"లహరీ... సైరన్ ఆగిపోయిందేటి? దారి తప్పేరా? ఫోన్ సెయ్యమ్మీ... ఒక్క ఫోన్ సెయ్యి!"

లహరి ఫోన్ పక్కనున్న బటన్ మీద బొటనవేలు పెడుతుంది. గట్టిగా నొక్కి పట్టుకుంటుంది.

స్క్రీన్ ఆరిపోయింది.