గేటు దాటేదాకా

ఉప్మాలో జీడిపప్పు ఎక్కువైందంటే ఇంట్లో ఏదో బాధ ఉన్నట్టేనని సదాశివానికి తెలుసు. గిరిజ నోటితో ఓదార్చే మనిషి కాదు. ఆ పొద్దున టిఫిన్ డబ్బా మూత తీసి చూస్తే ఉప్మా కంటే జీడిపప్పే ముందు కనిపించింది. 2019 జూలై. మాంచెస్టర్‌లో వాన తన మానాన తాను పడుతోంది. సదాశివం ఫ్యాక్టరీకి వెళ్లే ఆఖరి రోజు అది.

బల్లకు అటువైపు కూతురు ప్రవల్లిక టీ తాగుతోంది. ఆమెకు ఎడిన్‌బర్గ్‌లో ఉద్యోగం. నిన్ననే రైలు దిగింది. తండ్రీ కూతుళ్లు నేరుగా మాట్లాడుకుని మూడేళ్లవుతోంది. ఉప్పు అందుకోవాలన్నా మధ్యలో గిరిజ ఉండాల్సిందే.

"అమ్మా, డాడీకి గొడుగు ఇవ్వు."

"ఆయన నీ ఎదురుంగనే కూసున్నడు. నేనేమన్న పోస్ట్‌మ్యాన్‌నా?" అంది గిరిజ.

రేడియోలో ఇద్దరు నాయకులు సరిగ్గా మూతపడుతున్న ఆ ఫ్యాక్టరీ గురించే వాదించుకుంటున్నారు. యూరప్‌తో తెగతెంపులు చేసుకుందామన్నవాళ్లదే తప్పంతా అని ఒకాయన, అంతకు ముందు ఏలినవాళ్లే పరిశ్రమలను గాలికొదిలేశారని ఇంకొకాయన. ఇద్దరిలో ఒక్కరైనా ఆ షెడ్డులో కాలు పెట్టిన పాపాన పోలేదు. సదాశివం లేచి రేడియో కట్టేశాడు.

"వినడం కష్టంగా ఉందా?" ప్రవల్లిక ఆగలేకపోయింది. ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి గోడతో మాట్లాడినట్టు అంది. "ఆ ఫ్యాక్టరీలో చేసే పార్ట్స్ అన్నీ పోయేది జర్మనీకే కదా! మరి యూరప్ నుంచి విడిపోదామని లీవ్‌కి ఓటేసి స్వీట్లు పంచింది ఎవరు?"

"ప్రవల్లీ!" గిరిజ కసిరింది.

సదాశివం చెంచా కింద పెట్టాడు. మూడేళ్ల కిందట ఇదే బల్ల దగ్గర, "నీ ఫ్యాక్టరీని నీ చేత్తో నువ్వే మూసుకున్నావు" అన్నది ఈ కూతురే. ఆ మాట నిజమైతే ఎలా ఉంటుందో చూసి పోవడానికే వచ్చిందని నిన్నటి నుంచి అతని మనసు కుములుతోంది.

"అవు, నేనే ఏసిన," అన్నాడు. "నేను చేరిన్నాడు నాలుగు షెడ్లు నడుస్తుండె. ఓటు కన్న ముందే మూడు మూసిండ్రు. ఏమైందని ఎవలన్న వచ్చి అడిగిండ్రా? పని మళ్ల ఈడికే తిరిగొస్తదంటే నమ్మిన. ఓరుగల్లుల మా నాయన పనిజేసే మిల్లు మూతబడ్డప్పుడు గూడ లీడర్లు గిట్లనే ఒకల మీద ఒకలు చెప్పుకున్నరు. మా నాయన ఎవ్వలను తిట్టలే. పొద్దుగాల లేసి, తానం చేసి, యాడికి పోవాల్నో తెల్వక గడపల కూసుంటుండె. నాకు గదే యాదికొస్తంది."

ప్రవల్లిక కప్పు కింద పెట్టి, గోడ వైపు నుంచి తండ్రి వైపు తిరిగింది.

"ఇగ చాలు లొల్లి," అంది గిరిజ. "ఇయ్యాల మీవోళ్లు సుత్తెలు కొట్టి సాగనంపుతరు గదా. జెర నవ్వుకుంట నడువు."

అది ఆ ఫ్యాక్టరీ ఆనవాయితీ. పని మాని వెళ్లే మనిషి ఆఖరిసారి నడిచి పోతుంటే, మిగిలినవాళ్లంతా సుత్తులతో, స్పానర్లతో ఇనుప బల్లల మీద కొడతారు. మనిషి గేటు దాటేదాకా ఆపకూడదు. ఎంత గట్టివాడికైనా అక్కడ ఏడుపొస్తుంది, ఆ మోతలో అది వినపడదు. సదాశివం అలా ఎంతమందిని సాగనంపాడో అతనికే గుర్తు లేదు.

"ఎవలు కొడ్తరే? అందరు పోయిన వారమే పాయిరి. కరెంటు బంద్ చేసేటందుకు నేనొక్కన్నే మిగిలిన," అంటూ గొడుగు తీసుకుని బయటికి నడిచాడు.

మధ్యాహ్నం ఆఖరి స్విచ్చి దించగానే ఫ్యాన్ల రొద కూడా ఆగి షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. అప్పుడు పైకప్పు మీద వాన చప్పుడు వినిపించింది. ఇన్నేళ్లలో మిషన్ల హోరు మధ్య ఆ చప్పుడు అతను వినలేదు. తన బల్లను గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. రేపు ఎవరూ రారని తెలిసీ తుడిచాడు. తర్వాత తల వంచుకుని గేటు వైపు గబగబా నడిచాడు.

టంగ్. టంగ్. టంగ్.

సుత్తి మోత కాదు, వంటింటి మోత. సదాశివం తలెత్తి చూశాడు. గేటు అవతల గిరిజ ప్రెషర్ కుక్కర్ మూత మీద గరిటెతో కొడుతోంది. బస్సులో ఎవరైనా తేరిపార చూస్తేనే సిగ్గుపడే గిరిజ! పక్కన ప్రవల్లిక స్టీలు పళ్లెం మీద అప్పడాలకర్రతో బాదుతోంది. గేటు దగ్గరి కాపలాదారు కూడా నవ్వుతూ తాళాల గుత్తి తీసి కమ్మీల మీద ఆడించసాగాడు.

"డాడీ!" ప్రవల్లిక జుట్టు తడిసి ముఖానికి అంటుకుంది. కన్నీళ్లను దాచుకోవాలన్న ధ్యాసే లేదు. "ఆ రోజు నేనన్నది తప్పు. ఓటు సంగతిలో నాకు ఇప్పటికీ కోపమే. కానీ నువ్వు మూయలేదు డాడీ. ఇన్నేళ్లు నువ్వే నడిపావు. నిన్ను ఒక్కడినే ఎట్లా రానిస్తాను?"

సదాశివానికి అప్పుడర్థమైంది. కూతురు తన మీద గెలవడానికి రాలేదు. తనను సాగనంపడానికి వచ్చింది.

"జెల్ది దాటు, చెయ్యి గుంజుతంది," అని గిరిజ అరిచింది.

"నువ్వు దాటేదాకా ఆపొద్దు కదా డాడీ?" అడిగింది ప్రవల్లిక.

"ఆపొద్దు బిడ్డా," అన్నాడు సదాశివం.

అని, గేటుకు ఒక్క అడుగు ఇవతలే ఆగిపోయాడు. వాళ్లు కొడుతూనే ఉన్నారు. ఆ మోతలో అతని ఏడుపు ఎవరికీ వినపడలేదు.