కొంచెం పక్కకు జరగండి

"దీన్ని ఎవరు తీయమన్నారు మిమ్మల్ని?"

కొత్తగా వచ్చిన సైన్సు టీచరుతో ఆటల మాస్టారునైన నేనన్న మొదటి మాట అది.

ఆటల గదిలో టీవీ తెర మీద పడవ పోతోంది. ఎదురుగా ఎనిమిదో తరగతి అమ్మాయిలు గెంతుతున్నారు. టీవీ ముందున్న వీడియోగేమ్ కెమెరా వాళ్ల కదలికల్ని పట్టుకుంటుంది; వాళ్లు గెంతితే పడవ ఎగురుతుంది, వంగితే మలుపు తిరుగుతుంది. గ్రౌండు అనగానే కడుపునొప్పి తెచ్చుకునే పిల్లలు చెమటతో తడిసి ముద్దయ్యారు.

"ఫుట్‌బాళ్ల వెనక అట్టపెట్టెలో దొరికింది మాస్టారూ. మీ ఈలకి లేవనివాళ్లు దీనికి లేచారు," అంది నవ్వుతూ. "అంత కోపమెందుకండీ? మీ ఉద్యోగం ఎక్కడికీ పోదులెండి."

"అది మా చెల్లెలిది."

చెల్లెలు పోయిన సంగతి స్టాఫ్‌రూమ్‌లో ఎవరో చెప్పే ఉంటారు. ఆమె నవ్వు ఆగిపోయింది. వైర్లు ఒక్కొక్కటే చుట్టి, పెట్టెలో సర్ది, నా చేతికిచ్చింది.

"తెలియక తీశాను. క్షమించండి."

సాయంత్రం పెట్టె ఇంటికి తెచ్చి, జరిగింది అమ్మకు చెప్పాను.

"ఆడుకుంటున్న పిల్లల్ని ఆపేశావా?"

"ఇది ఇంట్లో కళ్లముందు వద్దన్నది నువ్వే కదమ్మా."

"నా కళ్లముందు వద్దన్నాను. ఎవరూ ఆడొద్దన్నానట్రా?"

మర్నాడు పెట్టె మళ్లీ బడికి మోసుకెళ్లాను. కెమెరాను కిటికీ గట్టు మీద పెడుతుంటే సైన్సు టీచరు వచ్చి, దూరంగా నిలబడింది.

"మరీ ఎత్తులో పెడితే పొట్టివాళ్లు కనబడరు," అన్నాను.

"మీరూ ఆడేవారా?"

"చివర్లో తనకి నిలబడే ఓపిక లేదు. నన్ను ఆనుకుని నిలబడేది. అంత దగ్గరగా ఉంటే దీనికి ఇద్దరూ ఒక్కరిలాగే కనబడతారు. తెర మీద ఒక్క బొమ్మే వచ్చేది. 'అన్నయ్యా, నన్ను మింగేశావు, జరుగు!' అని నవ్వేది. జరిగితే పడిపోతుంది."

ఆమె దగ్గరకొచ్చింది. వైరు అందించింది.

వానాకాలమంతా ఆ గది నిండుగా ఉంది.

"పడవ ముంచడంలో మీకు మీరే సాటి, టీచర్," అన్నాను ఓ రోజు.

"సైన్సు ప్రకారం మునగాల్సిందేనండీ. మీరే అన్యాయంగా తేలుతున్నారు."

చాలాకాలం తర్వాత నాకు నవ్వొచ్చింది. వెంటనే తప్పు చేసినట్టనిపించింది. ఆమె అది చూసింది, చూడనట్టు తెరవైపు తిరిగింది.

వానలు తగ్గుముఖం పట్టాక ఓ పొద్దున అమ్మాయిలే వచ్చి, "సార్, ఇవాళ గ్రౌండుకి వెళ్దామా?" అన్నారు. కడుపునొప్పుల మాటే లేదు. అయితే ఒక షరతు పెట్టారు: ముందు నేనూ సైన్సు టీచరూ కలిసి ఒక ఆట ఆడాలట.

పక్కపక్కనే నిలబడ్డాం. కిటికీ బయట సన్నగా తుంపర. తెర మీద ఒక్క బొమ్మే వచ్చింది.

"సార్, కొంచెం పక్కకు జరగండి! టీచర్ కనబడట్లేదు!"

నా కాళ్లు కదల్లేదు.

"జరుగుతారా?" అని ఆమె మెల్లగా అడిగింది. ఆ గొంతులో ఆటపట్టింపు లేదు.

"జరిగితే పడిపోతారేమోనని..."

"నేను పడను మాస్టారూ. నాకు నిలబడే ఓపిక ఉంది."

ఆ మాటకు కళ్లు చెమర్చాయి. ఇంతకాలం నేనే ఒకరికి ఆసరా అనుకున్నాను.

"అయితే నాకే జరగాలని లేదు," అన్నాను.

ఆమె తల వంచుకుంది. జరగలేదు. పిల్లలు అరుస్తూనే ఉన్నారు. తెర మీద ఆ ఒక్క బొమ్మతోనే పడవ కదిలింది.