చక్రాల మీద కోడలు

పెసరట్టు కమ్మగా కాలుతోంది. దిలీప్ ముందున్న కంచం మాత్రం ఖాళీగా ఉంది. సిమెంటు ఫ్యాక్టరీ బస్సు వచ్చే వేళైంది.

"అమ్మా, టైమవుతోంది. అట్టు పెట్టవా?"

పున్నమ్మ పెనం మీంచి చూపు తిప్పలేదు. "నువ్వే వేసుకో. చేతులకి బలం బాగానే ఉందిగా."

దిలీప్ తెల్లబోయాడు. తిండి దగ్గర తల్లి తనకి అడ్డు చెప్పడం బుద్ధెరిగాక అదే మొదలు.

కొన్నాళ్ళుగా పున్నమ్మ కోడల్ని గమనిస్తోంది. తల దువ్వుకుంటుంటే గీతాంజలి భుజం మీద నల్లగా కమిలిన మచ్చలు కనబడుతున్నాయి. మెట్లు దిగేటప్పుడు తుంటి పట్టుకుంటోంది. అడిగితే బస్సులో తగిలిందంటుంది. ప్రతి ఆదివారం నందిగామ వెళ్ళి పిల్లలకి స్కేటింగ్ నేర్పి వస్తుంది నిజమే. కానీ జగ్గయ్యపేట బస్సులు ఎంత కుదిపినా వారం వారం ఒకే భుజాన్ని వెతుక్కుని మరీ కొట్టవు కదా!

"సూటిగా అడుగుతున్నాన్రా. నా కోడలి మీద చెయ్యి చేసుకుంటున్నావా?"

"నేనా? అమ్మా, ఏం మాట్లాడుతున్నావు?"

లోపల్నుంచి గీతాంజలి పరుగున వచ్చింది. "అయ్యో, ఆయన కాదత్తయ్యా!"

"మొగుణ్ణి వెనకేసుకురాకు. అట్లా వెనకేసుకొచ్చేవాళ్ళ సంగతి నాకు తెలుసు."

ఇక దాచి లాభం లేదని గీతాంజలికి అర్థమైంది. "పిల్లలకి నేర్పాక మేం పెద్దవాళ్ళం రోలర్ డెర్బీ ఆడుతున్నామత్తయ్యా. చక్రాల మీద పరిగెడుతూ, భుజాలతో తుంటితో గుద్దుకునే ఆట. మీరు మాన్పిస్తారని భయపడి చెప్పలేదు. వచ్చేవారం విజయవాడలో రాష్ట్ర జట్టుకి ఎంపికుంది. ఇది తప్పిపోతే నా వయసుకి మళ్ళీ పిలవరు."

"చెప్పెయ్యమని నేనూ అన్నానమ్మా," అన్నాడు దిలీప్ నెమ్మదిగా.

తిట్లు తప్పవని ఇద్దరూ తల వంచుకున్నారు. పున్నమ్మ పొయ్యి కట్టేసి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఆడవాళ్ళేనా గుద్దుకునేది?"

"ఆడవాళ్ళమే."

"ఏదీ, చూపించు."

గీతాంజలి ఫోనులో పాత నలుపు తెలుపు వీడియో పెట్టింది. పొట్టి జుట్టు అమ్మాయిలు గుండ్రటి బాట మీద దూసుకుపోతున్నారు. పున్నమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"వీళ్ళెవరే?"

"మన తాతల కాలం వాళ్ళు. అమెరికాలో షికాగోలో మొదలైంది. అప్పుడు పనుల్లేక జనం అల్లాడుతున్నారట. ఆడ, మగ జతలుగా రోజుల తరబడి తిరుగుతూ ఉండటమే మొదట్లో పందెం. దాటబోతూ ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటే జనం లేచి కేకలేశారు. ఇదేదో బాగుందని తోసుకోవడాన్నే ఆటగా మార్చారు."

"ఆడవాళ్ళకి వేరే రూల్సా?"

"లేదు. మగవాళ్ళకేవో వీళ్ళకీ అవే. డబ్బులు తీసుకుని ఊరూరా ఆడేవాళ్ళు. టీవీలొచ్చాక ఇంటింటా చూశారు. తర్వాత మూతబడింది. ఓ పాతికేళ్ళ కిందట టెక్సాస్ ఆడవాళ్ళు మళ్ళీ నిలబెట్టారు."

"పిల్లల తల్లులు కూడా ఆడతారా?"

"చాలామంది ఆడతారు."

వాకిట్లో ఫ్యాక్టరీ బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. తెర మీద ఒకమ్మాయి బోర్లా పడింది. పున్నమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎక్కడపడితే అక్కడ కొట్టొచ్చా?"

"వీపు మీద, తల మీద కొట్టకూడదు. మోచెయ్యి వాడకూడదు. కింద పడ్డవాళ్ళని అస్సలు కొట్టకూడదు."

"పడ్డవాళ్ళని కొట్టకూడదా?" అని మళ్ళీ అడిగింది పున్నమ్మ.

"కొడితే ఈల ఊది బయట కూర్చోబెడతారత్తయ్యా."

పున్నమ్మ కళ్ళు నిండిపోయాయి. "నేను కింద పడ్డాక కూడా మీ మావగారు ఆపేవారు కాదమ్మా."

పున్నమ్మ భర్త జగన్నాథరావు పోయి నాలుగేళ్ళయింది. ఊళ్ళో ఆయనకి పెద్దమనిషని పేరు.

"అమ్మా, నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వు హాస్టల్లో ఉండేవాడివి. మా అత్తగారు మాత్రం పక్క గదిలోనే ఉండేది. ఆ మచ్చలేంటని ఒక్కనాడూ అడగలేదు. నేను కూడా అడక్కుండా ఊరుకుంటే ఎట్లారా?"

దిలీప్ తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. గీతాంజలి ఆమెను గట్టిగా కావలించుకుని ఏడ్చేసింది. పున్నమ్మ కోడలి కమిలిన భుజం తగలకుండా జాగ్రత్తగా చెయ్యి వేసింది.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ ఎంపికకి నేనూ వస్తా."

"మీరా అత్తయ్యా?"

"ఆ, నేనే. పడ్డదాన్ని ఎవరైనా కొట్టారో, ఆ ఈల వాడికంటే ముందు నేను అరుస్తా."