వెనక వరుసలో డాక్టరమ్మ

లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. లోపల లిఫ్ట్ లేదు.

ఫైలు చదువుకుంటూ అడుగు వేసిన అధికారికి ఆ సంగతి తెలిసేలోపే అంతా అయిపోయింది. పై అంతస్తులో ఎవరో తొందరేమీ లేనట్టు, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

పోయిన మనిషి ఉద్యోగం ఏమిటో వింటే ఎవరికీ భయం వేయదు. దేశదేశాల ప్రతినిధులు కూర్చుని ప్రజారోగ్యం గురించి మాట్లాడుకునే మహాసభకు స్వచ్ఛంద సంస్థలు కూడా వస్తాయి. వాటికి ఓటు ఉండదు. వెనక వరుసలో కూర్చుని వినాలి. అధ్యక్షుడు పిలిస్తే లేచి రెండు ముక్కలు మాట్లాడాలి. వచ్చే సంస్థల్లో ఏది నిజమైనదో, ఏది ఎవరి జేబులో ఉందో తేల్చి పరిశీలక హోదా ఇచ్చే అక్రెడిటేషన్ అధికారి ఆయన.

మర్నాడు డిపార్ట్‌మెంట్ చీఫ్ గదిలో బ్రీఫింగ్. కర్టెన్లు మూసి ఉన్నాయి. చీఫ్‌ను అందరూ పెద్దాయన అంటారు. ఎదురుగా కూర్చున్న ఏజెంటును నత్త అంటారు. తొందరపడడని ఎవరో సరదాకి పెట్టిన పేరు. పట్టుకున్నది వదలడని తెలిశాక సరదా పోయి పేరు మిగిలింది.

"లిఫ్ట్ తలుపు లాక్ ఎవరో కావాలనే ఊడదీశారు," అన్నాడు పెద్దాయన. "ఈ కేసు నీకివ్వడం నాకిష్టం లేదు. పోయినవాడు మీ బావ."

"అందుకే నాకివ్వండి."

పెద్దాయన ఒక ఫైలు ముందుకు తోశాడు.

"విదేశీ ముఠా. పిల్లల జ్వరం సిరప్‌లో విషపు ద్రావకం కలిపి అమ్ముతోంది. ఆ సిరప్‌ని నిషేధించాలా వద్దా అని సభలో ఓటింగు. కళ్ళారా చూసి మాట్లాడగల సాక్షి ఒక్కరే, ఒక డాక్టరమ్మ. తన ఆసుపత్రిలో పిల్లలు కిడ్నీలు పాడై చచ్చిపోతుంటే, సీసాలు దాచి పరీక్ష చేయించింది. ఆవిడ దేశం ప్రతినిధులు మాట్లాడరు. వాళ్ళ నోళ్ళు ముఠా ఎప్పుడో కుట్టేసింది."

"మరి ఆవిడ చేతికి మైకు ఎలా వస్తుంది?"

"నర్సుల సంఘం తరఫున పరిశీలకురాలిగా వస్తోంది. ఆ సంఘానికి మీ బావ హోదా ఇచ్చాడు. ఇంకో సంస్థకి ఆపాడు."

ఆపిన సంస్థ పేరు స్వచ్ఛ శ్వాస వేదిక. దాని అధ్యక్షురాలి కోడ్ నేమ్ నెమలి. ముఠా పెట్టించిన సంస్థ అది. కానీ నెమలి రహస్యంగా డిపార్ట్‌మెంట్‌కు సమాచారం ఇస్తోంది.

"అది మీ బావకి తెలీదు," అన్నాడు పెద్దాయన. "నువ్వు మారువేషంలో, ఆయన స్థానంలో వచ్చిన కొత్త అధికారిలా ఆ కుర్చీలో కూర్చో. వేదికకి హోదా ఇచ్చెయ్. నెమలి లోపలుంటే వాళ్ళ ప్లాన్ ఏమిటో మనకి చెప్తుంది."

నత్త నెరిసిన మీసం అతికించుకున్నాడు. భుజాలు వంచాడు. జేబులో ఒక పెన్ను పెట్టుకున్నాడు. దాని మూత తిప్పి మాట్లాడితే సభలోని గార్డులందరి చెవుల్లోనూ వినిపిస్తుంది. బావ కుర్చీ ఆయన బరువుకు అరిగిపోయి, ఒక పక్కకి ఒరిగి ఉంది. అందులో కూర్చునే వేదికకు హోదా ఇస్తూ సంతకం చేశాడు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఏరా, తిన్నావా?"

"తిన్నానక్కా."

"అబద్ధం. ఆయనా ఇలాగే చెప్పేవారు." అంది అక్క. "నువ్వేం పని మీదున్నావో నేనడగను. ఒక్కటి గుర్తుపెట్టుకో. మీ బావ దేన్నైనా కాదన్నారంటే ఊరికే అనరు. నా వంటకి కూడా ఎప్పుడూ వంక పెట్టని మనిషి."

ఫోన్ పెట్టాక నత్త తను సంతకం చేసిన వేదిక ఫైలు మళ్ళీ తెరిచి చూశాడు.

సభ మొదలయ్యే రోజు ఉదయం, బ్యాడ్జిల కౌంటర్ దగ్గరికి నెమలి వచ్చింది. నీలం సిల్కు, ముత్యాలు, చుట్టూ సుగంధం. క్యూలో ఉన్న మగవాళ్ళు మాటలు మరిచిపోయారు.

"కాఫీలో పంచదార తక్కువైంది," అంది.

"మా ఇంట్లో అసలే వాడరండి," అన్నాడు నత్త. కోడ్ సరిపోయింది.

ఆవిడ బ్యాడ్జి మెడలో వేసుకుంటూ వంగింది. "నీళ్ళ సీసా. డాక్టరమ్మ బల్ల మీద పెట్టేది. మూత తీయనివ్వకండి."

ఆ వెనకే డాక్టరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, మోకాళ్ళ నొప్పులు, వెలిసిపోయిన శాలువా.

"నాకెంతసేపు ఇస్తారు బాబూ?"

"రెండు నిమిషాలమ్మా."

"పోయిన పిల్లల పేర్లు చదవడానికే చాలవు," అంది ఆవిడ, ఎవరితోనూ కానట్టు.

నత్త ఆ వరుసలోని సీసాలన్నీ తీయించి, తన కళ్ళ ముందు కొత్తవి పెట్టించాడు. నీళ్ళు తెచ్చేవాళ్ళ వెంట గార్డులను పెట్టాడు. అయినా మనసు కుదుటపడలేదు. ఇంత సులువుగా దొరికిపోయే ప్లాన్ కోసం లిఫ్ట్ దగ్గర మనిషిని చంపేదాకా వెళ్తారా ఎవరైనా?

హాలు నిండింది. గోడల వెంబడి అద్దాల గదుల్లో దుబాసీలు గొంతులు సవరించుకున్నారు. ఒక్కో సీటు దగ్గర కొక్కేనికి ఒక్కో ఇయర్‌పీస్. చెవిలో పెట్టుకుంటే ఎవరు మాట్లాడినా మన భాషలో వినిపిస్తుంది. వెనక వరుసలో డాక్టరమ్మ, ఆ పక్క సీట్లో నెమలి. నత్త స్థానం స్టేజీ మీద, ఒక మూలన. మధ్యలో హాలంతా ఉంది.

డాక్టరమ్మను పిలిచారు. ఆవిడ తన భాషలో మాట్లాడింది. గొంతు పెంచలేదు. ఏ పిల్లాడికి ఎప్పుడు మూత్రం ఆగిపోయిందో, ఏ తల్లి సీసా పట్టుకుని తిరిగొచ్చి ఇందులో ఏముందమ్మా అని అడిగిందో చెప్పింది. ముందు వరుసల్లో కొందరు తలలు దించుకున్నారు. ఆవిడ నీళ్ళు తాగింది. ఏమీ కాలేదు. గార్డులు ఊపిరి పీల్చుకున్నారు. నత్త పీల్చుకోలేదు.

అధ్యక్షుడు ముందుకు వంగి తన భాషలో ఏదో ప్రశ్న అడిగాడు. డాక్టరమ్మకు అర్థం కాలేదు. కొక్కెం వైపు చెయ్యి చాచింది.

సరిగ్గా అప్పుడే నత్త నెమలిని చూశాడు. ఆవిడకూ ఆ భాష రాదు. కానీ ఎదురుగా ఉన్న ఇయర్‌పీస్‌ను ముట్టుకోకుండా, హ్యాండ్‌బ్యాగ్ తెరిచి తన సొంతది తీసి పెట్టుకుంది.

సీసా కబురంతా ఉత్తిదే. ప్రమాదం కొక్కేనికి వేలాడుతోంది.

పరిగెత్తినా అందుకోలేడు. గార్డులు తలుపుల దగ్గర ఉన్నారు. ప్రమాదమని అరిస్తే గందరగోళంలో నెమలి జారుకుంటుంది. డాక్టరమ్మ జుట్టు వెనక్కి తోసుకుని ఇయర్‌పీస్‌ను చెవి దాకా తెచ్చింది. నత్త ఎదుట ఉన్న మైకు నొక్కాడు.

"పాయింట్ ఆఫ్ ఆర్డర్. సభా నియమాల మీద అభ్యంతరం."

హాలంతా ఇటు తిరిగింది. నత్త డాక్టరమ్మ భాషలో, హాలు స్పీకర్లు మారుమోగేలా అన్నాడు. "నర్సుల సంఘం అక్రెడిటేషన్ చెల్లదు. ప్రతినిధి చేతిలో ఉన్నది బల్ల మీద పెట్టి లేచి నిలబడాలి. వెంటనే."

డాక్టరమ్మ చెయ్యి చెవి పక్కనే ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. ఇయర్‌పీస్‌ను బల్ల మీదికి విసిరికొట్టి లేచింది.

"ఎవరయ్యా నువ్వు? నా పిల్లలు చచ్చిపోతే నీకు రూల్స్ కావాలా?"

నత్త అప్పటికే పెన్ను మూత తిప్పాడు. "వెనక వరుస. నీలం సిల్కు. పట్టుకోండి."

పక్క గదిలో డిపార్ట్‌మెంట్ టెక్నీషియన్ డాక్టరమ్మ ఇయర్‌పీస్‌ను విప్పాడు. లోపల స్ప్రింగు, దాని కొసన వెంట్రుకంత సూది. చెవిలో నొక్కితే చీమ కుట్టినట్టుంటుంది. ఆ తర్వాత గుండె ఆగుతుంది. పెద్దావిడ, ప్రయాణ బడలిక, ఎవరికీ అనుమానం రాదు.

నెమలి కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. "నాకేం సంబంధం? సీసా అని మా వాళ్ళు నాకు చెప్పారు. నేను మీకు చెప్పాను."

"మరి మీ ఇయర్‌పీస్ ఇంటి నుంచి ఎందుకు తెచ్చుకున్నారు?"

"శుభ్రత కోసం."

నత్త టెక్నీషియన్ వైపు చూశాడు. "ఈవిడ సీటు కొక్కేనికి ఉన్నది కూడా విప్పండి."

విప్పాడు. అందులోనూ సూది ఉంది.

నెమలి చాలాసేపు దాన్నే చూసింది. రెండు చోట్లా జీతం తీసుకునే మనిషి ఎవర్నీ నమ్మదు; కానీ నమ్మకపోవడం వేరు, తనకోసం ఉంచిన సూదిని కళ్ళతో చూడడం వేరు. వేసుకున్న కాలు కిందికి దిగింది. ఒక్కొక్క పేరే చెప్పడం మొదలుపెట్టింది. ఇయర్‌పీసులు బిగించినవాడి పేరు. సిరప్ ఓడల్లో ఎక్కించేవాడి పేరు. లిఫ్ట్ దగ్గర నిలబడినవాడి పేరు చెప్పేటప్పుడు మాత్రం నత్త కళ్ళలోకి చూడలేదు.

"నాకు ముందే తెలుసు," అంది. "ఆపలేదు."

నత్త లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు.

తర్వాత హాలులోకి వెళ్ళి, నర్సుల సంఘం విషయంలో గుమాస్తా పొరపాటు జరిగిందని మైకులో క్షమాపణ చెప్పాడు. డాక్టరమ్మ కొత్త ఇయర్‌పీస్ పెట్టుకుని ప్రశ్నకు జవాబు చెప్పింది. సిరప్ మీద నిషేధం నెగ్గింది.

నెమలిని వెనక గుమ్మంలోంచి తీసుకెళ్తుంటే ఆవిడ ఒక్క క్షణం ఆగింది. మెడలో బ్యాడ్జి ఇంకా వేలాడుతోంది.

"మా వేదికకి ఇచ్చిన హోదా తీసేస్తారా?"

నత్త అంటించిన మీసం ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు.

"రద్దయిపోయింది. కావాలంటే అప్పీలు చేసుకోండి. ఎటూ అప్పీళ్ళ కమిటీ తీరిగ్గా నిర్ణయం చెప్పేసరికి మీరు జైలు నుంచి విడుదలై ఉంటారు."